పథ్యం పట్టి ఎక్కిన విమానం

మా అక్క కంటి ఆపరేషను కోసం నేను విమానం ఎక్కవలసి వచ్చిన ఏడాది డైరీని ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. ఏ రోజు ఏం తిన్నానో, ఏ బిళ్ళ ఎన్నింటికి వేసుకున్నానో, నాడి ఎంత కొట్టుకుందో అన్నీ అందులో ఉన్నాయి. నా భయం దేనివల్ల తగ్గిందన్నది మాత్రం లేదు. అది నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

నేను వరి పరిశోధన క్షేత్రంలో ముప్ఫైమూడేళ్ళు ఫీల్డు అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. దుబ్బుకి ఎన్ని పిలకలు, కంకికి ఎన్ని గింజలు, ఏ మడికి ఏ ఎరువు, ఎన్నో రోజున పూత, ఇవన్నీ లెక్కపెట్టి రాయడమే నా ఉద్యోగం. చేరిన కొత్తలో మా ఆఫీసరుగారు ఒక మాట చెప్పారు. "ఒక మడిలో ఒక్క మార్పే చెయ్యాలయ్యా. రెండు చేశావంటే పంట విరగపండినా మనకి తెలిసేదేమీ ఉండదు." ఆ మాట ప్రకారమే అన్నేళ్ళూ పనిచేశాను. సొంత ఒంటి విషయం వచ్చేసరికి ఆ మాట గుర్తుకు రాలేదు.

అక్క నాకన్నా ఏడేళ్ళు పెద్ద. బావగారికి పోర్ట్ బ్లెయిర్‌లో అటవీ శాఖలో ఉద్యోగం కావడంతో పెళ్ళయిన ఏడాదే అక్కడికి వెళ్ళిపోయింది. ఓడ మీద వెళ్ళింది, ఓడ మీదే నాలుగైదుసార్లు మా ఊరు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ దారంతా వాంతులు. దిగాక రెండు రోజులు మజ్జిగ తప్ప ఏదీ పట్టేది కాదు. బావగారు పోయిన తరువాత ఆ ప్రయాణం మానేసి, కొడుకు దగ్గర అక్కడే ఉండిపోయింది. ఆ కొడుకు, నా మేనల్లుడు, అక్కడి కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో మేనల్లుడు ఫోను చేశాడు.

"మావయ్యా, అమ్మకి నీటికాసులంట. పక్కచూపు అప్పుడే పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం కాస్త కనబడుతోంది. మద్రాసు తీసుకెళ్ళి ఆపరేషను చేయిస్తే ఉన్న చూపు నిలుస్తుందన్నారు. ఆలస్యమైతే అదీ పోతుందన్నారు."

"మరి తీసుకెళ్ళలేకపోయావా?"

"విమానం ఎక్కనంటోంది. ఓడలో అయితే ఆ వాంతులకి కంటికి ప్రమాదమని డాక్టరుగారు వద్దంటున్నారు. నేనెంత చెప్పినా ఒకటే మాట, 'మా తమ్ముడొచ్చి తీసుకెళ్తే వెళ్తాను, లేకపోతే ఈ కుర్చీలోనే గుడ్డిదాన్నై కూచుంటాను' అని. మీరు రావాలి మావయ్యా."

"వస్తాను" అన్నాను. అరక్షణం కూడా ఆలోచించలేదు. అప్పటికి నేను విమానం ఎక్కి ఎరగను. ఎక్కడానికి భయపడతానని కూడా ఎరగను.

నేనూ మా ఆవిడా తాడేపల్లిగూడెంలో రైలెక్కి మద్రాసు వెళ్ళాం. మర్నాడు పొద్దున్నే విమానాశ్రయానికి చేరాం. నిద్ర చాలక ఆ ఉదయం వరసగా మూడు కాఫీలు తాగానని డైరీలో ఉంది. బోర్డింగు పాసులు ఇచ్చారు. బస్సులో విమానం దాకా తీసుకెళ్ళారు. నా ముందు ఒక పెద్దమనిషి మనవరాలిని ఎత్తుకుని మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు. పైన గుమ్మం, గుమ్మం పక్కకి తీసి ఉన్న ఇంత మందాన తలుపు కనిపించాయి. ఆ తలుపు మూశాక మనం అడిగినా తియ్యరు కదా అనిపించింది. అంతే, కుడికాలు మొదటి మెట్టు మీదకి లేవలేదు. ఒళ్ళంతా చెమట. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అక్కడున్న అమ్మాయి, "సార్, ప్లీజ్, పైకి వెళ్ళండి" అంది. "నేను రావడం లేదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మమ్మల్ని మళ్ళీ బస్సెక్కించి వెనక్కి పంపేశారు. మా ఆవిడ ఒక్క మాట అడగలేదు. బల్ల మీద కూర్చుని, అద్దాల్లోంచి విమానం వెళ్ళిపోవడం చూశాం. ఆవిడ నా వంక కాకుండా ఆ విమానం వంకే చూస్తూ పెద్దగా ఊపిరి వదిలింది. నా మీద విసుగేమో అనుకున్నాను.

బయట ఎస్టీడీ బూతు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఫోను చేశాను. అక్కే తీసింది.

"ఒరే, ఎక్కడున్నావు?"

"మద్రాసులోనే అక్కా. ఉన్నట్టుండి జ్వరం తగిలింది."

"ఎంతుంది?"

"నూట... రెండు."

"నూటరెండు జ్వరంతో బూతుదాకా నడిచొచ్చి ఫోను చేస్తున్నావా?"

రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"భయమేసిందా?"

"ఊఁ."

అక్క నవ్వింది. నేను కూడా నవ్వబోయాను కానీ ఆవిడ మధ్యలో ఆపేసింది. "నీకే భయమేస్తే ఇంక నన్నేం ఎక్కిస్తావురా? సరేలే. నువ్వక్కడ, నేనిక్కడ. ఇలాగే ఉందాం."

రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ ఆ చివరి మాటే వినిపిస్తూ ఉంది.

ఇంటికొచ్చాక మా డాక్టరుగారికి చూపించుకున్నాను. గుండె బాగుంది, బీపీ వయసుకి తగ్గట్టే ఉంది అన్నారు. ప్రయాణం రోజున వేసుకోమని ఒక మత్తుబిళ్ళ రాశారు. నాకది నచ్చలేదు. నేను మత్తులో ఉంటే చూపు సరిగా లేని అక్కని ఎవరు చెయ్యి పట్టుకుని దింపుతారు? ఆ చీటీ మడిచి డైరీలో పెట్టేశాను.

మా వెనకవీధిలో ఒక మాస్టారుండేవారు. లెక్కల మాస్టారుగా రిటైరై, బలం బిళ్ళల డబ్బాలు అమ్మే పనిలో దిగారు. ఆ రోజుల్లో మా వైపు అదొక జోరు. ఒకరు చేరి నలుగురిని చేర్చడం, ఆ నలుగురూ మళ్ళీ నలుగురిని చేర్చడం. ఆయన ఎదురొస్తే జనం సందు తిరిగిపోయేవారు. నేను కూడా తిరిగినవాడినే. కానీ ఆయన తన మేనకోడలి పరీక్షల భయాన్ని ఈ బిళ్ళలతోనే పోగొట్టారని మా ఆవిడ ఎవరి దగ్గరో వింది. కబురు పెట్టింది. ఆయన గంటలో వచ్చేశారు.

బల్ల మీద మూడు డబ్బాలు పెట్టారు. ఒకటి మెగ్నీషియం బిళ్ళలు, రెండోది బి విటమిన్లు, మూడోది చేపనూనె గొట్టాలు.

"భయమంటే ఏంటండి అన్నయ్యగారూ? నరాల్లో సరుకు తగ్గిపోవడం. సరుకు నింపితే భయం పోతుంది" అన్నారు.

"గోదావరి జిల్లాలో పుట్టి చేపనూనె గొట్టాల్లో పోసుకుని మింగడమేంటండి మాస్టారూ? పులస పులుసు తింటే రాదా?"

"పులస దారి వేరండి. ఇవి చల్లటి సముద్రాల్లో చేపలు."

"అవేమైనా భయపడని చేపలా?"

"మీరు నవ్వండి, నవ్వండి. విమానమెక్కాక మళ్ళీ మాట్లాడుకుందాం."

నేను పుస్తకం తీసి ఏది ఎప్పుడు వేసుకోవాలో రాసుకున్నాను. ఆఖరున అడగవలసిన ప్రశ్న అడిగాను. "పథ్యం ఏంటండి?"

"పథ్యం ఏమీ లేదండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆవిడ లోపలికొచ్చింది. "పథ్యం లేని మందేంటండి?"

"ఇది మందు కాదండి అక్కయ్యగారూ. ఆహారం."

"మందు కాకపోతే మరి భయం ఎలా తగ్గుతుంది?"

మాస్టారు డబ్బాలు మూడూ వరసగా సర్దారు. "తగ్గుతుందండి. కానీ మందు కాదండి."

ఆయన వెళ్ళిపోయాక పథ్యం మాట ఎక్కడైనా రాసుందేమోనని ఇద్దరం ఆ డబ్బాలు తిప్పితిప్పి చూశాం. మా ఇళ్ళల్లో పచ్చకామెర్లకి పసరు మింగినా, బెణికిన కాలికి కట్టు కట్టించుకున్నా ముందు అడిగేది పథ్యమే. పథ్యం ఎంత కఠినంగా ఉంటే మందు అంత గట్టిదని మా నమ్మకం. తిన్నది తిన్నట్టు తింటూ వేసుకునేదాన్ని మందని ఒప్పుకోవడానికి మా ఇద్దరికీ మనసు రాలేదు.

"ఆయన చెప్పకపోతే మనకి తెలీదా ఏంటి?" అంది మా ఆవిడ. "మా నాన్నకి నరాల మందు ఇచ్చినప్పుడు వైద్యుడు వంకాయ, గోంగూర, కొత్తావకాయ, కాఫీ మాన్పించాడు. మీకూ అదే."

"కాఫీ కూడానా?"

"కాఫీయే ముందు."

నేను అప్పట్లో రోజుకి ఐదుసార్లు కాఫీ తాగేవాడిని. మర్నాడు సోమవారం. ఆ రోజే బిళ్ళలు మొదలుపెట్టాను, ఆ రోజే కాఫీ మానేశాను.

భయం తగ్గుతోందో లేదో తెలియాలంటే కొలత ఉండాలి. ఇంట్లో విమానం లేదు కదా. ఆలోచించి ఒక పద్ధతి పెట్టుకున్నాను. రోజూ ఉదయం ఆరింటికి, సాయంత్రం ఐదింటికి వీధి అరుగు మీద కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకోవడం. విమానం మెట్లెక్కినట్టు, లోపల కూర్చున్నట్టు, ఆ మందపాటి తలుపు మూసేసినట్టు ఊహించుకోవడం. వెంటనే కళ్ళు తెరిచి, చేతి గడియారం చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెట్టడం. మొదటి రోజు నూటనాలుగు వచ్చింది. డైరీలో గళ్ళు గీసి, మూడు బిళ్ళలకీ మూడు గళ్ళు, నాడికి రెండు, 'ఇతర విషయాలు' అని ఒకటి వేశాను. పథ్యానికి గడి వెయ్యలేదు. పథ్యం మార్పు కాదు, మందులో భాగం అనుకున్నాను. నేను చేసిన తప్పు అదే. అది తెలియడానికి మూడు వారాలు పట్టింది.

రెండో రోజు నుంచి తలనొప్పి మొదలైంది. మామూలు తలనొప్పి కాదు, కణతల్లో మేకులు దిగ్గొట్టినట్టు. పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు. ఊరికే కోపం. పేపరు ఆలస్యమైందని ఎన్నడూ లేనిది కేకలేశాను. 'ఇతర విషయాలు' గడిలో 'బిళ్ళలు పడడం లేదేమో' అని రాశాను. మాస్టారిని అడిగితే ఆయన సంతోషించారు.

"తలనొప్పి వచ్చిందా! మంచిదండి. ఒంట్లో చెడంతా బయటికి పోతోందన్నమాట."

"నాలుగు రోజులైందండి, ఇంకా పోతూనే ఉందా?"

"అరవై ఆరేళ్ళ చెడు కదండి."

ఐదో రోజున మా ఆవిడ పక్కింటివాళ్ళకి కాఫీ కలుపుతుంటే ఆ వాసనకి లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ గరిట చూపించి, "అక్క కళ్ళు గుర్తు పెట్టుకోండి" అంది. వెనక్కి వచ్చేశాను.

రెండో వారంలో తలనొప్పి పోయింది. నాడి తొంభైఆరు. తొంభై రెండు. మూడో వారం చివర ఎనభై రెండు. నిద్ర కూడా బాగా పట్టేది. తలుపు మూసినట్టు ఊహించుకుంటే గుండె పరిగెత్తడం మానేసింది. నాకు చెప్పలేనంత ఆనందమైంది. మాస్టారు వీధిలో అందరికీ చెప్పుకున్నారు. ఆయన్ని చూసి సందు తిరిగిపోయేవాళ్ళు కొందరు ఆగి, "నిజమేనాండి?" అని నన్నడిగారు. నిజమే అన్నాను.

ఒక ఉదయం కాలవగట్టు మీద నడుస్తున్నాను. అవతల పొలంలో రైతు ఒకతను నారుమడికి ఏదో చల్లుతూ, "కొత్త గుళికలండి, యూరియాలో కలిపి చల్లితే మడి భలే పచ్చగా తిరుక్కుంటోంది" అన్నాడు. అలవాటు కొద్దీ, "ఒట్టి యూరియా చల్లిన మడి ఏదయ్యా మరి?" అని అడిగాను. "రెండూ కలిపే చల్లేశానండి" అన్నాడు. నాలుగడుగులు ముందుకేసి అక్కడే నిలబడిపోయాను.

నేను చేసిందీ అదే కదా. బిళ్ళలు మొదలుపెట్టిన రోజునే ఐదు కాఫీలు మానేశాను. గుండె దడ తగ్గింది బిళ్ళలవల్లా, కాఫీ మానడంవల్లా? మొదటి వారం తలనొప్పి దేనిది? అదీకాక, రోజుకి రెండుసార్లు చొప్పున మూడు వారాలు ఆ తలుపు ఊహించుకున్నాను. నలభైసార్లు మూసిన తలుపు నలభై ఒకటోసారి భయపెడుతుందా? కొలవడానికి పెట్టుకున్న పద్ధతే మందై ఉండొచ్చు. ఇంటికొచ్చి గళ్ళన్నీ చూసుకుంటే ఎటు నుంచి చూసినా ఎటూ తేలలేదు.

మా ఆవిడతో చెప్పాను. "ఒక రెండు వారాలు బిళ్ళలు ఆపి కాఫీ మానేసి చూడాలి. తరవాత రెండు వారాలు బిళ్ళలు వేసుకుంటూ కాఫీ తాగి చూడాలి."

"ఎందుకు?"

"దేనివల్ల తగ్గిందో తెలియాలి కదా."

"తగ్గిందా లేదా?"

"తగ్గింది."

"మరింకేంటండి?"

ఆ సాయంత్రమే మేనల్లుడి ఫోను వచ్చింది. కంట్లో ఒత్తిడి ఇంకా పెరిగిందట. నెల లోపల తీసుకురాకపోతే ఆపరేషను చేసినా ప్రయోజనం ఉండకపోవచ్చని డాక్టరు చెప్పారట. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, "పై వారం వస్తున్నాం నాయనా" అని చెప్పేసింది.

ఈసారి మెట్లెక్కాను. బిళ్ళలు వేసుకున్నాను, కాఫీ ముట్టలేదు. భయం లేదని చెప్పలేను. ఉంది, కానీ పక్కింట్లో మోగుతున్న రేడియోలా ఉంది. వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. తలుపు మూశారు. నాడి చూసుకున్నాను, ఎనభై ఎనిమిది. గెలిచాననుకుని పక్కకి తిరిగేసరికి మా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, నా మోచేతిలో గోళ్ళు దిగేలా పట్టుకుని ఉంది. పెదవులు తెల్లబడిపోయాయి.

"ఏమైంది?"

"మాట్లాడకండి."

"నీక్కూడా భయమా? మరి మొదటిసారి ఏమీ అనలేదే?"

"మొదటిసారి మీరు ఆగిపోయారు కదా. నాకు ప్రాణం లేచొచ్చింది."

అద్దాల దగ్గర ఆవిడ పెద్దగా ఊపిరి వదలడానికి అర్థం అప్పటికి తెలిసింది. పోర్ట్ బ్లెయిర్ వచ్చేదాకా ఆవిడ చెయ్యి నిమురుతూ, మంచినీళ్ళు తాగిస్తూ, ఇదిగో అదిగో అంటూ కబుర్లు చెబుతూనే ఉన్నాను. నా సంగతి ఆలోచించుకోవడానికి తీరిక దొరకలేదు. దిగాక డైరీ తీసి 'ఇతర విషయాలు' గడిలో 'ఆవిడ భయం' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. అప్పటికి కారణాలు నాలుగయ్యాయి.

అక్క వరండాలో కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకే లేచింది. నన్ను వెలుతురు వైపు తిప్పి నిలబెట్టి, తన తల అటూ ఇటూ కదుపుతూ చూసింది. ముందు నుదురు, తరవాత ముక్కు, తరవాత గడ్డం. ఆవిడకి ఒక్కసారిగా మొహమంతా కనబడదు. ముక్కముక్కలుగా చూసి కలుపుకుంటోంది.

"ముసలాడివైపోయావురా" అంది. ఆ వెంటనే, "ఏదీ, ఆ బిళ్ళ?" అని చెయ్యి చాచింది.

"ఏ బిళ్ళ?"

"నిన్ను ఎక్కించిన బిళ్ళ. మా వాడు చెప్పాడులే. నాక్కూడా ఇయ్యి. రేపే పోదాం."

అక్క చూపు నా జవాబు మీద ఆధారపడి ఉంది. నా దగ్గర మూడు వారాల లెక్కలున్నాయి, జవాబు మాత్రం లేదు. దాచకుండా అంతా చెప్పాను. బిళ్ళలు కావచ్చు, పథ్యం కావచ్చు, ఊహించుకోవడం కావచ్చు, నీ మరదలికి ధైర్యం చెప్పడం కావచ్చు.

"అయితే అన్నీ చేద్దాం. పథ్యం ఏంటి?"

"వంకాయ, గోంగూర, కొత్తావకాయ, కాఫీ."

"వంకాయ నాకెప్పుడూ పడదు. గోంగూర ఇక్కడ ఎప్పుడో గాని దొరకదు. ఆవకాయ వీళ్ళు నన్ను ముట్టుకోనివ్వడం లేదు. కాఫీ మాత్రం మాననురా. కళ్ళు పోయినా సరే."

"అక్కా!"

"మాననన్నాను కదా."

అలా అక్క కాఫీ తాగుతూనే బిళ్ళలు వేసుకుంది. ఇప్పుడు తేలుతుంది, బిళ్ళలున్నాయి, పథ్యం లేదు అన్న ఆలోచన నాకొచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాను కూడా. అయినా డైరీలో ఆవిడ పేర గళ్ళు గీశాను. టిక్కెట్లు పది రోజుల తరవాతకి గాని దొరకలేదు, ఆ పది రోజులూ పూటపూటా తలుపు ఊహించుకోమనేవాడిని. ఆవిడ కళ్ళు మూసుకుని, "మూశారు. తెరిచారు. కాఫీ ఇచ్చారు" అనేది. నాడి మొదటి రోజూ డెబ్బై ఆరే, పదో రోజూ డెబ్బై ఆరే.

ప్రయాణం రోజున ఆవిడ నా భుజం పట్టుకుని చకచకా మెట్లెక్కేసింది. "భయంగా లేదా?" అంటే, "కింద ఏముందో కనబడితే కదా భయం" అంది. విమానంలో రెండు గంటలూ మా ఊళ్ళో ఎవరెవరు పోయారో, ఎవరింట పెళ్ళిళ్ళయ్యాయో అడుగుతూనే ఉంది. మా ఆవిడ అటు పక్కన కళ్ళు మూసుకుని కూర్చుంది. మేనల్లుడు వెనక వరసలో నిద్రపోయాడు.

మద్రాసు కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకి ముందు డాక్టరమ్మ, "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగింది. నేను గర్వంగా డైరీ తీసి ఇచ్చాను. ఆవిడ గళ్ళన్నీ చూసి, చేపనూనె దగ్గర వేలు పెట్టింది.

"ఇది ఎవరు వాడమన్నారు?"

"మా ఊరి మాస్టారండి. లెక్కల మాస్టారు."

"ఎందుకు?"

"విమానం భయానికండి."

"దీంతో విమానం భయం తగ్గుతుందా?"

"తెలియదండి."

"తెలియకుండా ఇచ్చారా? దీనివల్ల రక్తం కారడం ఎక్కువయ్యే అవకాశం ఉంది. కంటి ఆపరేషను ఇది. అన్నీ ఆపేసి వారం తరవాత రండి." డైరీ తిరిగి ఇస్తూ, "ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారో రాసి పెట్టారు. అది మాత్రం మంచి పని చేశారు" అంది.

ఆ వారం రోజులు లాడ్జి గదిలో నేను పడిన బాధ విమానం మెట్ల దగ్గర కూడా పడలేదు. అక్క చూపు రోజురోజుకీ తరిగిపోతోందని తెలిసి తీసుకొచ్చినవాడిని, ఆ చేతులతోనే వారం ఆలస్యం చేశాను. ఆవిడకి ఆపమన్నవి నేను మింగడం బాగుండదని నా బిళ్ళలు కూడా ఆపేశాను. పథ్యం కూడా అంతటితో పోయింది. పొద్దున్నే అక్క గ్లాసు నా ముందుకి జరిపి, "తాగరా, ఏడుపు మొహం వేసుక్కూచోక" అంటే తాగేవాడిని. రెండో రోజు నుంచి నా గ్లాసు నాకే వచ్చింది.

ఎనిమిదో రోజున ఆపరేషను జరిగింది. బాగా జరిగిందన్నారు. పోయిన చూపు రాలేదు, ఉన్నది నిలిచింది. పదిహేను రోజులకి మళ్ళీ చూసి, విమానంలో వెళ్ళొచ్చన్నారు, బిళ్ళలూ గొట్టాలూ మాత్రం వద్దన్నారు. మేనల్లుడు టిక్కెట్లకి బయలుదేరుతుంటే అక్క నన్ను పిలిచింది.

"బిళ్ళలు వద్దన్నారు కదరా. మరి నేనెలా ఎక్కను?"

"కింద కనబడదు కాబట్టి భయం లేదన్నావు కదా."

"అదేదో నీ ధైర్యం కోసం అన్నాను. ఆ రోజు గుండె నోట్లోకొచ్చింది. ఆగితే ఏడుస్తానని వాగుతూ కూచున్నాను. నువ్వూ రా. దిగబెట్టి పో."

నా ఒంట్లో బిళ్ళల్లేవు. మూడు వారాలుగా కాఫీ తాగుతున్నాను. తలుపు ఊహించుకోవడం ఎప్పుడో మానేశాను. మా ఆవిడ, "నాకీ జన్మకి రెండు విమానాలు చాలు, మీరొచ్చేదాకా మా పిన్నిగారింట్లో ఉంటాను" అని ముందే చెప్పేసింది. అంటే ధైర్యం చెప్పడానికి ఆవిడ కూడా ఉండదు.

వెళ్ళాను. మెట్ల దగ్గర మొదటిసారి ఏ కాలు లేవలేదో ఆ కాలే మళ్ళీ లేవలేదు. అదే చెమట, చెవుల్లో అదే మోత. వెనక నుంచి అక్క చెయ్యి నా వీపు మీద పడింది.

"ఏంట్రా?"

"ఏం లేదక్కా."

"నడు. నాకు మెట్టు కనబడదు. నువ్వెక్కితే నీ వెనక నేనెక్కాలి."

ఎక్కాను. కూర్చున్నాం. తలుపు మూశారు. అక్క తడుముకుని నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు గడియారం చూడు, నేను లెక్కపెడతా."

చూశాను. ఆవిడ పైకే లెక్కపెట్టింది. అరనిమిషం గడిచేసరికి యాభై నాలుగు దాటింది. ఇంతలో విమానం పరుగందుకుంది, కుర్చీ వీపుని నెట్టింది, అక్క లెక్క ఆగిపోయింది.

"ఎంతయింది?" అన్నాను.

"మర్చిపోయానురా. ఉండు, మళ్ళీ మొదట్నుంచి పెడతాను" అని నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని, "ఒకటి" అంది. అప్పటికే నేల వదిలేశాం.